తడిచోటి కళ్ళు

మా అమ్మ కపితొలీనా కళ్ళు తడిచోట ఉన్నాయని ఊరంతా అనేది. అయినదానికీ కానిదానికీ కంటతడి పెట్టేవాళ్ళని మా వైపు అలాగే అంటారు. దేవుడు అందరి కళ్ళూ మెట్ట మీద పెట్టి, వీళ్ళవి మాత్రం నీరు ఊరే పల్లంలో పెట్టాడట. దూడ పుడితే అమ్మ ఏడ్చేది. ఆ దూడని ఊరి సమష్టి వ్యవసాయ సంఘమైన కల్‌ఖోజ్ బండి ఎక్కిస్తే ఏడ్చేది. రేడియోలో పాట వస్తే ఏడ్చేది, అయిపోతే అప్పుడే అయిపోయిందని ఏడ్చేది. పెళ్ళిళ్ళలో ఆమెని ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్ళు, పెళ్ళికూతురికి ఏడుపు రాకపోతే కపా చూసుకుంటుందని. అలాగని ఆమె దుఃఖంలో మునిగి ఉండే మనిషి కాదు. ఏడుస్తూనే పిండి పిసికేది, ఏడుస్తూనే పాలు పితికేది, ఆ ఏడుపు మధ్యలోనే దేనికో పకపకా నవ్వేది.

"పిండిలో ఉప్పు వెయ్యకే కపా, ఎలాగూ నీ కళ్ళలోంచి పడుతుంది" అని మా నాన్న ఏడిపించేవాడు.

నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళయింది. నేను ఆయన పోలిక. నా కళ్ళు మెట్ట మీదే ఉన్నాయి.

డెబ్భై తొమ్మిదో సంవత్సరం అది. నాకు ఇరవై ఆరేళ్ళు, తమ్ముడు వేన్యాకి ఇరవై రెండు. కల్‌ఖోజ్‌లో ట్రాక్టరు నడిపేవాడు. జూన్‌లో అడవి నుంచి దుంగలు తేవడానికి వెళ్ళాడు. బండి మీద కట్టు తెగి దుంగ దొర్లింది. ఇంతకంటే దాని గురించి చెప్పలేను.

శవాన్ని సిద్ధం చేయడానికి అమ్మకి చేతులు ఆడలేదు. చొక్కా తొడిగింది నేనే. పట్నంలో కొనుక్కున్న నల్ల బూట్లు వేసి, లేసులు కట్టిందీ నేనే. వచ్చినవాళ్ళందరికీ అట్లు పోశాను, గ్లాసులు కడిగాను, బెంచీలు ఎవరివి వాళ్ళకి తిప్పి పంపాను. ఏడవలేదు. వెనకాల ఎవరో, "చూడండే, ఒక్క చుక్క లేదు" అనడం చెవిన పడింది. ఇద్దరి వంతూ అమ్మే ఏడ్చింది.

ఆగస్టులో అవిసె పీకుడు మొదలైంది. అవిసెని కొడవలితో కోయరు, నార పొట్టిదైపోతుంది. నడుం వంచి, పిడికెడు పిడికెడు వేళ్ళతో సహా పీకి కట్టలు కట్టాలి. ఊళ్ళో ఆడవాళ్ళంతా చేలోనే. ఆ చేను ఆ వసంతంలో విత్తింది వేన్యాయే. దాంతో అమ్మ పది అడుగులకోసారి ఆగిపోయేది. పీకిన మొక్కల్ని గుండెకి హత్తుకుని నిలబడేది. నా సాలు ముగించుకుని వెనక్కి వచ్చి ఆమె సాలు కూడా నేనే పీకేదాన్ని.

మా జట్టు పెద్ద గ్లఫీరా నోరు పెద్దది గానీ మనసు చెడ్డది కాదు. "కపా, నీ సాల్లో బురదయిపోతోందే. కాస్త పక్కకి జరిగి ఏడువు, కట్టలు తడుస్తాయి" అంది ఒకరోజు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వి, మళ్ళీ ఏడ్చింది. ఆ తర్వాత గ్లఫీరా నా వైపు తిరిగి, "నువ్వేంటే ఫాయా, బండరాయిలా ఉన్నావ్? ఒక్కసారి ఏడ్చేస్తే పోతుందిగా" అంది.

నాకు కష్టమనిపించింది రెండు సాళ్ళు పీకడం కాదు. అమ్మ కార్చే ప్రతి చుక్కా నన్ను వేలెత్తి చూపిస్తున్నట్టుండేది. తమ్ముడంటే నాకు ప్రాణం. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, నాకు తప్ప. అమ్మకి వాడంటే ప్రాణమని మాత్రం అందరికీ తెలుసు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. నేను కన్నతల్లి ఏడుపు చూసి అసూయపడ్డాను.

ఒక ఉదయం వాన పట్టుకుంది. చేలో పని లేదు. అమ్మ గంజి వండి బల్ల మీద మూడు గిన్నెలు పెట్టింది. మూడోది చూసుకుని అలాగే నిలబడిపోయింది. వారంలో నాలుగుసార్లు జరిగేదే అది. తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. గిన్నె తీస్తుంది, కడుగుతుంది, తుడుస్తుంది, దాన్ని పట్టుకుని పొయ్యి పక్కన కూర్చుంటుంది. "ఇవాళ కూడా కలలోకి రాలేదే వాడు. అందరికీ వస్తారు, నాకే రాడేంటే?" అంటుంది. అన్నది కూడా.

"నాకొచ్చాడు" అన్నాను.

అమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది.

"నిన్న రాత్రి వచ్చాడమ్మా. నీళ్ళలో నిలబడి ఉన్నాడు. చీలమండల దాకా నీళ్ళు. అమ్మని ఏడవొద్దని చెప్పక్కా, తడిసిపోతున్నాను అన్నాడు."

మా వైపు ఇది తెలియనివాళ్ళు లేరు. పోయినవాళ్ళ కోసం అతిగా ఏడిస్తే ఆ కన్నీళ్ళు మట్టిలోకి ఇంకి వాళ్ళ పడక తడిపేస్తాయి. పాపం వాళ్ళు తడిలోనే పడుకోవాలి. ఓర్చుకోలేనప్పుడు ఎవరో ఒకరి కలలోకి వచ్చి మొర పెట్టుకుంటారు. నేను నమ్మను. అమ్మ నమ్ముతుంది. అది తెలిసే చెప్పాను. నోరు జారిందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది నిజం కాదు. ముందు రోజు చేలోనే ఆ మాటలు పేర్చుకున్నాను.

"కాళ్ళకి ఏమున్నాయే?" అంది అమ్మ.

ఇది నేను పేర్చుకోలేదు. పొయ్యి పక్కన వేన్యా ఉన్ని బూట్లు చలికాలంలో విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. కళ్ళు వాటి మీద పడ్డాయి. "ఉన్ని బూట్లు" అన్నాను.

"తడిసిపోయాయా?"

"తడిసిపోయాయి."

"మనం నల్ల బూట్లేసి పంపాం కదే. చలికి ఆగలేక ఎవర్నో అడిగి తెచ్చుకున్నాడు. అవి కూడా తడిపేశాను." మేకుకి తగిలించిన నార తువ్వాలు తీసి, బల్ల తుడిచినట్టు రెండు కళ్ళూ గట్టిగా తుడుచుకుంది. తువ్వాలు మళ్ళీ మేకుకి తగిలించింది. "సరే" అంది.

అంతే. అమ్మ కళ్ళలో నీళ్ళు నేను చూడడం అదే ఆఖరు.

మొదటి వారం నాకు హాయిగా ఉంది. అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉంది. అమ్మ తన సాలు తనే పీకింది, ఒక్కోరోజు నాకంటే ముందు. గ్లఫీరా ఆశ్చర్యపోయి, "కపా, నీ కళ్ళు ఎత్తు మీదికి మార్చుకున్నావా ఏంటి?" అంది. అమ్మ నవ్వలేదు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

రెండో ఆదివారం ఇంట్లో పార కనపడలేదు. వెతుక్కుంటూ శ్మశానం దాకా వెళ్ళాను. అమ్మ రబ్బరు బూట్లేసుకుని, వేన్యా సమాధి చుట్టూ మోకాలి లోతు కాలవ తవ్వుతోంది. దాన్ని కంచె కింద నుంచి వాగు వైపు మళ్ళించింది.

"నీరు పోవడానికే. ఇన్ని రోజుల ఏడుపు కదా, చాలా నిలిచుంటుంది" అంది, పెరట్లో పని చేసుకుంటున్నట్టు. "ఆ చివర చెట్టు వేళ్ళు అడ్డం వస్తున్నాయి. గొడ్డలి తెస్తావా?"

వెళ్ళి గొడ్డలి తెచ్చాను. పక్కన నిలబడి వేళ్ళు నరికాను. నా అబద్ధానికి నా చేత్తోనే కాలవ తవ్వాను. అక్కడే చెప్పేయాల్సింది. ఆమె చెమట తుడుచుకుంటూ, "ఇప్పుడు కాస్త ఆరుతుంది కదే?" అని నా ముఖంలోకి చూసింది. "ఆరుతుంది" అన్నాను.

ఆ రోజు నుంచి ఆమె రేడియో పెట్టలేదు. ఉల్లిపాయలు తరగడం మానేసింది. "నువ్వు తరుగు. ఆ నీళ్ళు కూడా లెక్కలోకి వస్తాయేమో" అంది. వేన్యా ఫోటో గోడకేసి తిప్పి పెట్టింది. కల్‌ఖోజ్ వాళ్ళు దూడ కోసం వస్తే గడప దగ్గర నిలబడి తలగుడ్డ కొసని పళ్ళ మధ్య బిగబట్టింది. బండి వెళ్ళిపోయాక చూస్తే ఆ కొస నాలుగు చోట్ల చిల్లులు పడింది. పాలు పితికేటప్పుడు పాడేది కాదు. ఆవు కూడా పాలు తగ్గించేసింది. ఏడుపుతో పాటు ఆ మధ్యలో వచ్చే నవ్వు కూడా పోయిందని నాకు అప్పుడు తెలిసింది. ముఖం పీక్కుపోయింది, కళ్ళు ఎర్రగా, ఇసుక పడినట్టు ఉండేవి. రొట్టెలో ఉప్పు చాలేది కాదు. నాన్న మాట గుర్తొచ్చేది.

సెప్టెంబరులో అవిసెని నూర్చాక పుల్లల్ని పచ్చికబయలు మీద పలచగా పరుస్తాం. మూడు నాలుగు వారాలు పొగమంచు తాగాలి. ఆ ఏడు ఎండలు విడవలేదు, మంచు పడలేదు. గ్లఫీరా ఒక పుల్ల తీసి వేళ్ళతో నలిపితే పుటుక్కున విరిగింది.

"తడి తగలకపోతే ఇంతే. లోపల నార ఉంటుంది, బయటికి రాదు. పుల్లలా విరిగి ఊరుకుంటుంది" అంది విసుగ్గా.

అమ్మ ఆ పక్కనే వంగి పుల్లలు తిరగేస్తోంది. నేను ఆమెని చూసి, చూపు తిప్పుకున్నాను.

పక్కింటి ఉస్తీన్య అవ్వకి ఎనభై ఏడేళ్ళు. రోజూ మధ్యాహ్నం మా ఇంటికొచ్చి నీళ్ళు మరిగే సమోవార్ పక్కన కూర్చుని, తన చక్కెర ముక్క తనే జేబులోంచి తీసి కొరుక్కుంటూ టీ తాగేది. సెప్టెంబరు చివర్లో ఒకరోజు అమ్మ ఆమె కప్పు నింపుతూ, బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది.

"అవ్వా, నువ్వెప్పుడు వెళ్తావ్?"

"పోక్రోవ్ పండక్కి అనుకుంటున్నా, అక్టోబరు మధ్యకి. బంగాళాదుంపలు తవ్వించేసి పోతే నాకూ నిశ్చింత. ఏం, ఏమైనా పంపాలా?"

పోయినవాళ్ళు కలలోకి వచ్చి ఏదైనా అడిగితే, ఊళ్ళో తర్వాత పోయేవాళ్ళ పెట్టెలో అది పెట్టి పంపడం మా ఆచారం.

"మా వేన్యాకి పొడి బూట్లు. ఉన్నివి, కొత్తవి. రబ్బరు తొడుగులతో సహా."

"తొడుగులు కూడానా?" అవ్వ కప్పు దించింది. "నేనేమైనా పోస్టు బండినా? ఇప్పటికే ఒకళ్ళు కళ్ళజోడు పంపుతానంటున్నారు, ఇంకొకళ్ళు మొగుడికి పొగాకంట. నేను కాళ్ళు చాపుకోవడానికి చోటుండొద్దూ?"

"అవ్వా, కాదనకు."

అవ్వ అమ్మ ముఖం చూసింది. ఆ ఎర్రటి పొడి కళ్ళు చూసింది. "సర్లే, ఇవ్వు. కాళ్ళ దగ్గర పెట్టించు. తలదగ్గరైతే ఉన్ని వాసన నాకు పడదు" అంది.

సాగనంపడానికి నేను గుమ్మం దాకా వెళ్ళాను. చేతికర్ర నా కాలి బొటనవేలి మీద ఆనించి నిలబడింది అవ్వ.

"ఏమే ఫాయా, నీకు కలలెప్పట్నుంచి వస్తున్నాయ్?"

నేను గడప వైపు చూశాను.

"మీ నాన్నకీ వచ్చేవి కావు. పడుకుంటే మొద్దే. నువ్వూ అంతే, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా." కర్ర ఇంకాస్త నొక్కింది. "నేను బూట్లు ఇస్తాను. వాడు నేనెప్పుడడిగానవ్వా అంటాడు. ఏం చెప్పమంటావ్?"

"అవ్వా..."

"నాకొద్దు, దానికి చెప్పు. నేను పోకముందే చెప్పు. పోయాక ఇది నీకొక్కదానికే తెలుస్తుంది. ఒక్కదానివే మొయ్యలేవే పిల్లా."

చెప్పలేదు. బంగాళాదుంపలు అయ్యాక అనుకున్నాను. అవిసె ఎత్తాక అనుకున్నాను. రోజూ పొద్దున్నే నోటిదాకా వచ్చేది. ఎదురుగా అమ్మ వేన్యా కోసం కొత్త బూట్లని పొయ్యి మీద ఆరబెడుతూ, లోపల చెయ్యి పెట్టి చూస్తూ కనపడేది. దాంతో ముఖం చెల్లేది కాదు. అప్పటికే పొడిగా ఉన్న బూట్లని ఆమె మూడు వారాలు ఆరబెట్టింది.

ఉస్తీన్య అవ్వ అన్న మాట రెండు రోజులు తప్పింది. పోక్రోవ్ దాటిన రెండోనాడు, మధ్యాహ్నం టీకి రాలేదు. వెళ్ళి చూస్తే మంచం మీద చేతులు ముడుచుకుని పడుకుని ఉంది, శుభ్రమైన తలగుడ్డ కట్టుకుని.

పెట్టెలో కాళ్ళ దగ్గర అమ్మే బూట్లు పెట్టింది. లోపల ఆ ఏటి అవిసె పీచు కూరింది. తొడుగులు సరిగ్గా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసింది. ఆ తర్వాత గోడవార నిలబడింది. మా ఊళ్ళో ఏ చావుకైనా మొదటి ఏడుపు అమ్మదే. ఆమె ఒక్కసారి ముక్కు ఎగబీలిస్తే చాలు, మిగతా ఆడవాళ్ళకి కట్ట తెగేది. ఆ రోజు అందరూ ఆమె వైపే చూస్తూ ఉండిపోయారు. అమ్మ పెదవులు బిగించి బూట్ల వైపు చూస్తోంది. ఎవరూ మొదలుపెట్టలేదు. గ్లఫీరా నా పక్కన నిలబడి, "కపా లేకపోతే మాకు ఏడుపెలా వస్తుందే?" అని గుసగుసలాడింది. ఎనభై ఏడేళ్ళ ముసలమ్మని, ఊరందరికీ పురుళ్ళు పోసిన మనిషిని, ఒక్క కన్నీటి చుక్క లేకుండా సాగనంపాం. మేకుల మీద సుత్తి దెబ్బలు తప్ప వేరే చప్పుడు లేదు.

తిరిగి వస్తుంటే మొదటి మంచు పడుతోంది. వేన్యా సమాధి దగ్గర కాలవ పక్కన ఆగాను.

"అమ్మా, నాకు కల రాలేదు."

ఆమె వెనక్కి తిరిగింది.

"నేను కల్పించాను. వేన్యా రాలేదు, నీళ్ళు లేవు, ఏమీ లేదు. నీ ఏడుపు వినలేక చెప్పాను. నీకున్నది వాడొక్కడే అన్నట్టు, బతికున్న నన్ను నువ్వు చూడట్లేదని చెప్పాను. నన్ను తిట్టు. కొట్టు. ఏడువమ్మా."

అమ్మ దగ్గరికొచ్చింది. నా తలగుడ్డ మీద పడ్డ మంచు దులిపి, ముడి సరిచేసింది.

"నువ్వెందుకంటున్నావో నాకు తెలుసే" అంది నెమ్మదిగా. "ఇందాక అందరూ నన్ను చూస్తున్నారు కదా. అది చూసి నీ కడుపు తరుక్కుపోయింది. అమ్మని ఏడ్చుకోనిద్దామని ఇప్పుడు ఈ మాట అల్లావు. నీకు కళ్ళలో లేదు గానీ లోపల ఉంది. మీ నాన్నా అంతే."

"కాదమ్మా! ఒట్టు. నాన్న మీద ఒట్టు."

"కల్పించేదానివైతే నల్ల బూట్లని చెప్పేదానివే. లేసులు కట్టింది నీ చేతులేగా. ఉన్ని బూట్లని ఎందుకంటావ్? అవి నీకు వాడు చూపిస్తేనే కదా తెలిసింది." చిన్న పిల్లకి లెక్క విడమర్చి చెప్పినట్టు చెప్పింది. "ఇప్పుడు పొడివి వెళ్ళాయి. మళ్ళీ తడపమంటావా?"

ఉన్ని బూట్లన్నది పొయ్యి వైపు ఒక్క క్షణం చూసి అన్న మాట. ఆలోచించి పేర్చిన అబద్ధమంతా ఒకెత్తు, ఆలోచించకుండా అన్న ఆ ఒక్క మాట ఒకెత్తు. అదే నాకు అడ్డం పడి సాక్ష్యం చెప్పింది. ఆ చలికాలమంతా మళ్ళీ మళ్ళీ చెప్పాను. ప్రతిసారీ నా చెయ్యి నిమిరి, "మంచిదానివే ఫాయా" అనేది. ఊళ్ళో అందరితో కూడా అనేది, మా ఫాయాది జాలిగుండె అని. అంతకంటే తిట్టు నేను ఈ జన్మలో వినలేదు.

ఆ తర్వాత అమ్మ పదకొండేళ్ళు బతికింది. నా పెళ్ళికి ముందు వరసలో కూర్చుంది, పొడి కళ్ళతో. మనవడిని ఎత్తుకుంది, పొడి కళ్ళతో. ఆఖరి రోజుల్లో నొప్పికి కూడా పెదవి కొరుక్కుంది తప్ప కన్ను తడవనివ్వలేదు.

ఆమెని పెట్టెలో పడుకోబెట్టిన రోజున వెనకాల ఎవరో మళ్ళీ అన్నారు, కూతురి కంట ఒక్క చుక్క లేదని. పోయినవాళ్ళు తడుస్తారన్న మాట నేను ఇప్పటికీ నమ్మను. అయినా ఆ రోజు ఏడవడానికి నాకు ధైర్యం చాలలేదు.

మా వైపు పోయినవాళ్ళ చేతిలో, అక్కడ కళ్ళు తుడుచుకోవడానికి, ఒక రుమాలు పెడతారు. అది గ్లఫీరా పెట్టింది. నేను మేకుకి ఉన్న నార తువ్వాలు తెచ్చి, మడత పెట్టి, అమ్మ మోచేతి పక్కన ఉంచాను.

"రుమాలు పెట్టాంగా, ఇదెందుకే?" అంది గ్లఫీరా. "ఎవరికైనా పంపుతున్నావా?"

"ఎవరికీ కాదు" అన్నాను. "ఆవిడకే. రుమాలు చాలదు."